పాపకి వస్తోందండీ

ఇంట్లోంచి బయలుదేరేముందు పిన్ని సంచి సర్దుకోవడం చూస్తే ఎవరైనా దూరప్రయాణం అనుకుంటారు. అడుగున ప్లాస్టిక్ కవర్లు, వాటిమీద మూడు నిక్కర్లు, ఒక గౌను, నాలుగు మడతలు పెట్టిన పాత తువ్వాలు, మూత గట్టిగా బిగించిన సబ్బునీళ్ళ సీసా, పెద్దవాళ్ళ కమోడ్ మీద వేస్తే పిల్లలు లోపలికి జారిపోకుండా ఆపే మడత సీటు. ఇంత సరంజామా భుజాన వేసుకుని ఆమె వెళ్ళేది రెండు వీధుల అవతలి పార్కుకి.

పాపకి మూడేళ్ళు నిండవస్తున్నాయి. పాప తల్లి ఈమెకు అక్క కూతురు. ఆ అమ్మాయీ, అల్లుడూ పొద్దున్న ఆఫీసులకు వెళ్తే దీపాలు పెట్టాక వస్తారు కనక పాపను చూసుకోవడానికి ఈమె వచ్చింది. తల్లి "పిన్నీ" అని పిలుస్తుంటే విని పాపా అదే పట్టుకుంది. వరసకు అమ్మమ్మనవుతానే అని దిద్దబోతే పాప ఆమె ముఖంలోకి కాసేపు పరీక్షగా చూసి, కాదు, పిన్నివే అని తేల్చేసింది.

ఇంట్లో డైపర్ మానిపించడం అంత కష్టం కాలేదు. వీధిలోకి వస్తేనే చిక్కు. పాపను వేద్దామనుకున్న బడిలో డైపర్‌తో వచ్చే పిల్లల్ని చేర్చుకోరు. బయట కూడా అలవాటు చేయండి, శుక్రవారం వచ్చి మాట్లాడండి అన్నారు. ఆ పని పిన్ని మీద పడింది. పడింది అనడం సరికాదు, ఆమే అడిగి తీసుకుంది.

పాప "వస్తోంది" అందంటే ఆ తర్వాత ఉండే వ్యవధి చాలా తక్కువ. ముందు మోకాళ్ళు దగ్గరికొస్తాయి. తర్వాత మాటలు ఆగిపోతాయి. తర్వాత ఎడమచేత్తో గౌను అంచు పట్టుకుంటుంది. గౌను పట్టుకుందంటే ఇక పరుగే. అందుకని పిన్ని వీధిని వీధిలా చూడడం మానేసింది. మందుల షాపంటే ఆమెకు మందులు కావు, వెనకగదిలో బాత్రూమ్. తాళంచెవి చెక్కముక్కకు కట్టి కౌంటర్ కింద ఉంటుంది. బ్యాంకంటే మెట్ల కింద ఉన్నది. నీళ్ళు సరిగా రావు. లైబ్రరీలో అద్దంలా ఉంటుంది, కాని మేడెక్కాలి. చెప్పుల షాపాయన ముఖం చిట్లిస్తాడు గాని కాదనడు.

ఎక్కడికి వెళ్ళినా ఒకే మాట. "పాపకి వస్తోందండీ."

ఆ మాటకు ఉన్న శక్తి చూసి మొదట్లో పిన్నే ఆశ్చర్యపోయింది. వరసలో నిలబడ్డవాళ్ళు పక్కకు జరిగేవారు. సిబ్బందికి మాత్రమే అని రాసిన తలుపులు తెరుచుకునేవి. మందుల షాపావిడ చేతిలో పని ఆపి తనే తాళం తీసి ఇచ్చేది. అంతకుముందు ఈ వీధుల్లో ఒక్కతే నడిచినప్పుడు పిన్నిని చూసి పలకరించినవాళ్ళు లేరు. పాప చెయ్యి పట్టుకున్నాక ఆమెకు లోకం దారి ఇస్తోంది.

ఒక్కోసారి మాత్రం పాప అందరిముందూ పరువు తీసేది. పిన్ని కౌంటర్ దగ్గర ఆ మాట అనగానే పాప తలెత్తి, గొంతు పెంచి, "నాకు రావట్లేదు" అనేది. షాపావిడ నవ్వేది. కూర్చుంటే అదే వస్తుందిలే అని పిన్ని పాపను లోపలికి లాక్కుపోయేది. లోపల గడియ పెట్టి, కమోడ్ మీద మడత సీటు వేసి, పాపను కూర్చోబెట్టి, అయిందనిపించి, దింపి, ఇప్పుడు నువ్వు తలుపువైపు తిరిగి కాపలా కాయి అనేది. పాప తలుపుకు ముక్కు ఆనించి, వేలితో చెక్కమీద గీతలు గీస్తూ, ఏదో కూనిరాగం తీస్తూ కాపలా కాసేది. అప్పుడు పిన్ని కూర్చునేది.

ఏడాదిగా ఉంది ఆమెకీ బాధ. తుమ్మితే, గట్టిగా నవ్వితే, మెట్లు గబగబా దిగితే. ఒక్కోసారి ఏమీ చేయకపోయినా. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో వీధి చివరిదాకా వెళ్ళాలన్నా గుండె పీచుపీచుమనేది. ఎవర్నో ఆపి, ఈ వయసులో, నాకు వస్తోంది అని ఎలా అడగడం. పాప ఆ చిక్కు విప్పేసింది.

మధ్యాహ్నం పాప నిద్రపోయాక ఆమె మిషను ముందు కూర్చునేది. పాపకు బయట వేయడానికి నిక్కర్లు తనే కుట్టింది, పాత తువ్వాలు కత్తిరించి మధ్యలో మూడు పొరలు వేసి. ఆ ముక్కలు మిగిలితే అదే కొలతను పెంచుకుని తనకోసం మందంగా ఒక మెత్త కుట్టుకుంది. కుట్టేటప్పుడు గదిలో ఎవరూ లేకపోయినా తలుపు దగ్గరగా వేసుకుంది. ఉతికాక దాన్ని పాప నిక్కర్ల మధ్యన ఆరేసేది. తీగమీద చూస్తే తేడా తెలిసేది కాదు.

బుధవారం వాన పట్టుకుంది. తీగమీది బట్టలేవీ ఆరలేదు. సాయంత్రం పాప తల్లీ, అల్లుడూ పెందలాడే వచ్చి, బడికి కావలసిన బూట్లు కొందాం పదండి అన్నారు. పిన్ని లోపలికి వెళ్ళి తన మెత్త తాకి చూసింది. చల్లగా, తడిగా ఉంది. ఇంట్లోనే ఉండిపోతానందామనుకుంది. ఈలోగా పాప వచ్చి ఆమె కొంగు పట్టుకుని గుమ్మందాకా లాక్కెళ్ళింది.

షాపులో పాప రెండుసార్లు "వస్తోంది" అంది, రెండుసార్లూ సరిగ్గా చెప్పింది. రెండోసారి తల్లే తీసుకెళ్ళింది; వచ్చి మెచ్చుకుంటూ పాప బుగ్గమీద ముద్దు పెట్టింది. వాళ్ళు లోపలికి వెళ్ళినప్పుడు పిన్ని తనూ వెళ్ళవలసింది. ముగ్గురూ ఎందుకులే, సంచులు చూస్తుండు పిన్నీ అని ఆ అమ్మాయి అంటే, సరేనని అక్కడే నిలబడిపోయింది.

తిరుగుదారిలో కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. ముందు సీట్లలో వాళ్ళిద్దరూ ఇంటి మరమ్మతు గురించి మాట్లాడుకుంటున్నారు. వెనక పాప కొత్త బూట్లు విప్పనని మారాం చేసి, వాటితోనే పిన్ని ఒడిలోకి ఒరిగి నిద్రపోయింది. అద్దాలమీద నీళ్ళు ధారలు కడుతున్నాయి. పిన్ని కాలిమీద కాలు వేసుకుని, పళ్ళు బిగబట్టి, ముందున్న బండి వెనక దీపాలు చూస్తూ కూర్చుంది. ఒక్క మాటంటే అల్లుడు పక్కన ఆపును. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఎక్కడ ఆపుతాడు, ఏమని అడుగుతాడు, ఆయన గొడుగు పట్టుకుని ఏ షాపులోకి వెళ్ళి ఎవరికని చెబుతాడు అని ఆలోచిస్తూండగా ముందు ఏదో బండి అడ్డం వచ్చి అల్లుడు బ్రేకు తొక్కాడు.

అంతే. ఆపుకుందామన్నా ఆగలేదు.

వెచ్చగా మొదలై, కాసేపట్లో చల్లబడింది. ముందువాళ్ళు మాటలు ఆపలేదు. పిన్ని కిమ్మనకుండా సంచిలోంచి తువ్వాలు తీసి కిందికి తోసుకుంది. ముదురురంగు చీర కావడంతో బయటికి కనిపించదు. పాప గౌను అంచు ఆమె తొడ కింద ఇరుక్కుని ఉంది. దాన్ని లాగితే పాప లేస్తుందని వదిలేసింది.

ఇంటిదగ్గర దిగాక పాపను ఎత్తుకోబోయిన అల్లుడు కారులోపలి దీపం వేశాడు. సీటుమీద ఇంత వెడల్పున మరక. ఆయన నాలుక చప్పరించాడు. సీటు కవర్లు మార్చి ఎన్నో రోజులు కాలేదు. పాప తల్లి వచ్చి పాప గౌను పట్టుకుని చూసింది. తడి.

"ఇప్పుడే కదే మెచ్చుకున్నాను. వస్తే చెప్పాలి కదా" అంది.

పాప నిద్రకళ్ళతో గౌను చూసుకుంది, సీటు చూసింది. "నేను కాదు" అంది.

"మరి ఎవరు?"

పాప పిన్నివైపు చూసింది. తప్పించుకోవాలని చూసిన చూపు కాదది. బాత్రూమ్‌లో కాపలా పూర్తయ్యాక, అయిందా అని అడగడానికి తిరిగే చూపు.

"అబద్ధం చెప్పకూడదని చెప్పానా లేదా?" అంది తల్లి. చెయ్యెత్తలేదు, గొంతు కూడా పెంచలేదు. అందుకే ఆ మాట మరీ గట్టిగా తగిలింది.

"పోనీలే అమ్మాయ్. చిన్నపిల్ల" అంది పిన్ని.

ఆ మాట ఎంత మెత్తగా వచ్చిందో ఆమెకే వినిపించింది. తండ్రి భుజంమీద పాప తల పెట్టుకుంది. లిఫ్టులో పైకి వెళ్తున్నంతసేపూ పిన్ని సంచిని చీరకు అడ్డంగా పట్టుకుని నిలబడింది.

మర్నాడు పొద్దున్న పాప తల్లి ఆఫీసుకు వెళ్తూ డైపర్ల ప్యాకెట్ కిందికి దింపి బల్లమీద పెట్టింది. బయటికి వెళ్ళేటప్పుడు వేసేయ్ పిన్నీ, అందరికీ ఇబ్బంది ఎందుకు అంది. తడిపితే ఉతుక్కోవచ్చు గాని అబద్ధం ఎక్కడ నేర్చుకుందో అదే అర్థం కావట్లేదని కూడా అంది. పిన్ని గిన్నె కడుగుతూ తల ఊపింది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

ఆమె డైపర్ వేయలేదు. మామూలు నిక్కరు వేసి, సంచి సర్ది, లైబ్రరీకి తీసుకెళ్ళింది. దారిలో మందుల షాపు దగ్గర వస్తోందా అని అడిగింది. పాప మాట్లాడలేదు. బ్యాంకు దగ్గర అడిగింది. పాప గట్టిగా తల తిప్పింది. లైబ్రరీలో పిల్లల బొమ్మల పుస్తకాలున్న మూల, పాప నేలమీద కూర్చుని ఏనుగు బొమ్మ చూస్తూండగా మోకాళ్ళు దగ్గరికి రావడం పిన్ని గమనించింది. లేవదీసి మేడ మెట్లవైపు నడిపించబోతే పాప చెయ్యి విడిపించుకుంది. నిలబడి, గౌను అంచు పట్టుకుని, పిన్ని కళ్ళలోకి సూటిగా చూస్తూ అక్కడే పోసేసింది. నిక్కరులోంచి కారి సాక్సుల్లోకి, కొత్త బూట్లలోకి. ఏడవలేదు.

లైబ్రరీ ఆవిడ బకెట్టూ గుడ్డా తెచ్చింది. పిన్ని ఆమె చేతిలోంచి గుడ్డ లాక్కుని తనే తుడిచింది. పిల్లలన్నాక మామూలేనండీ అని ఆవిడ ఓదార్చింది. పిన్ని మోకాళ్ళమీద కూర్చుని, తుడిచిన చోటే తుడుస్తూ, తల ఎత్తకుండా పాపతో, "చెప్పొచ్చుగా తల్లీ" అంది.

"చెప్పాగా. అమ్మ కోప్పడింది" అంది పాప.

పిన్ని గుడ్డ పిండింది.

శుక్రవారం ముగ్గురూ బడికి వెళ్ళారు. అల్లుడికి సెలవు దొరకలేదు. గదిలో అన్నీ చిన్నవే: చిన్న బల్లలు, చిన్న కొక్కేలు, మోకాలెత్తున చేతులు కడుక్కునే తొట్లు. టీచరమ్మా, పాప తల్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. పిన్నికి గోడవారన ఒక పొట్టి కుర్చీ దొరికింది. ఆమె దాని అంచుమీద కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది. పాప నేలమీద కూర్చుని కర్రకు రంగుచక్రాలు గుచ్చుతోంది.

టీచరమ్మ మంచిమనిషిలాగే ఉంది. పాప పేరడిగింది, ఏ రంగు ఇష్టమో అడిగింది, ఎంతవరకు మాటలొచ్చో చూసింది. తర్వాత తల్లివైపు తిరిగి, బయట అలవాటైందా అని అడిగింది. పాప తల్లి ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. ఇంట్లో అయిపోయిందని, బయటే ఇంకా కుదరలేదని, మొన్న కారులో తడిపిందని, నిన్న లైబ్రరీలో కూడా అయిందని చెప్పింది. దానికన్నా తడిపి కూడా నేను కాదని అబద్ధం చెప్పడం బాధగా ఉందని కూడా అంది.

టీచరమ్మ అర్థం చేసుకున్నట్టు తల ఊపింది. కంగారేం లేదండీ, ఇంకా సిద్ధంగా లేనట్టుంది, వచ్చే ఏడు చూద్దాం అంది. పాప తల్లి అలాగేనంటూ హ్యాండ్‌బ్యాగు దగ్గరికి తీసుకుంది. పిన్ని ఆ మాట విని మొదట సంతోషించింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు గాని, నిజం. ఇంకో ఏడాది పాప తనతోనే ఉంటుంది, ఇంకో ఏడాది షాపుల తలుపులు తెరుచుకుంటాయి. కళ్ళముందు ఆ వీధులన్నీ ఒక్కసారి వెలిగాయి.

పాప చివరి చక్రం గుచ్చి చప్పట్లు కొట్టబోయి, తల్లి ముఖం చూసి ఆగిపోయింది. చేతులు వెనక్కి దాచుకుంది.

"కారులో తడిపింది పాప కాదు" అంది పిన్ని.

ఇద్దరూ ఆమెవైపు తిరిగారు.

"అదేంటి పిన్నీ?"

"నేనే అమ్మాయ్. ఆపుకోలేకపోయాను. పాప నిద్రపోతోంది. పాపం దానికేం తెలీదు." మిగిలింది కూడా చెప్పేసింది. "నిన్నటిది కూడా దాని తప్పు కాదు. నిజం చెప్తే నమ్మలేదు గదా, ఇక చెప్పడం మానేసింది."

టీచరమ్మ చూపు దించుకుని బల్లమీది పెన్సిళ్ళు సర్దింది. పాప తల్లి ముందు పిన్ని చీరవైపు చూసింది, తర్వాత పిన్ని కూర్చున్న పొట్టికుర్చీవైపు. అక్కడ చూడకూడదని వెంటనే గుర్తొచ్చినట్టు చూపు తిప్పుకుంది. నేలమీంచి పాప, తల ఎత్తకుండా, "నేను చెప్పాగా" అంది. చక్రాలన్నీ బోర్లించి మళ్ళీ మొదటినుంచి గుచ్చడం మొదలుపెట్టింది.

సోమవారం నుంచి పంపించండి, చూద్దాం అంది టీచరమ్మ.

గేటు బయట ఆ అమ్మాయి రోడ్డుపక్కనే గొంతుక్కూర్చుని పాపను దగ్గరికి తీసుకుంది. అమ్మది తప్పు, నువ్వు నిజమే చెప్పావు అంది. పాప సరే అని, ఆకలేస్తోందంది. పిన్ని రెండడుగుల దూరంలో నిలబడి, వచ్చే బస్సు నంబరు చదువుతున్నట్టు దూరంగా చూసింది.

మాట్లాడటానికి సాయంత్రందాకా పట్టింది. పిన్ని బట్టలు మడతపెడుతూండగా ఆ అమ్మాయి వచ్చి మంచంమీద ఎదురుగా కూర్చుంది. బట్టల్లో ఆ మెత్త కనిపించింది. ఏంటిదని ఆమె అడగలేదు. చేతిలోకి తీసుకుని, కుట్లు చూసి, మడతపెట్టి పిన్ని బట్టల్లో ఉంచింది.

"ఎన్నాళ్ళుగా?"

"ఇక్కడికి రాకముందు నుంచే."

"నాకు చెప్పొచ్చుగా పిన్నీ. నేనేం పరాయిదాన్నా?"

"చెప్తే పాపను నాతో బయటికి పంపేదానివా?"

ఆ అమ్మాయి ఒక నిక్కరు తీసి మడతపెట్టింది, ఇంకొకటి మడతపెట్టింది. పిన్నికి జవాబు దొరికింది. కోపం రాలేదు. తనైనా పంపేది కాదేమో అనుకుంది. వచ్చేవారం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానని, దీనికి మందులుంటాయని, సిగ్గుపడాల్సిన పని లేదని ఆ అమ్మాయి గబగబా చెప్పింది. లేచి వెళ్తూ పిన్ని భుజంమీద చెయ్యి వేసింది. చెయ్యి వెచ్చగానే ఉంది, కాని ఎక్కువసేపు ఉండలేదు.

ఆదివారం నలుగురూ బయటికి వెళ్తుంటే, కారులో పిన్ని కూర్చునే వైపు సీటు కవరు కింద పల్చటి ప్లాస్టిక్ షీటు చప్పుడు చేసింది. అల్లుడు ఎప్పుడు వేశాడో తెలీదు. ఆయన ఆ మాటే ఎత్తలేదు, దారిలో రెండుసార్లు మాత్రం, ఎక్కడైనా ఆపనా పిన్నీ అని మర్యాదగా అడిగాడు. వద్దు బాబూ అంది. కదిలినప్పుడల్లా షీటు గరగరమంటుంటే, ఇంటికి వచ్చేదాకా కదలకుండా కూర్చుంది.

సోమవారం పాప బడికి వెళ్ళింది. గుమ్మం దగ్గర పిన్నిని కూడా రమ్మంది. సాయంత్రం వచ్చేస్తావుగా అంటే నమ్మి, వెనక్కి తిరగకుండా తండ్రి వేలు పట్టుకుని లిఫ్టెక్కింది. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. పిన్ని పాప పక్క దులిపింది, గిన్నెలు కడిగింది, ఆరిన బట్టలు తీసి మడతపెట్టింది. ఇంకా పొద్దు బోలెడంత మిగిలింది.

సంచిలోంచి పాప సామానంతా తీసి పక్కన పెడితే అది గాలి తీసినట్టు వదులైపోయింది. తన మెత్త ఒకటి, పర్సు, తాళాలు వేసుకుని ఆమె వీధిలోకి వచ్చింది. మందుల షాపువైపు తిరగలేదు. పాప ఏదని అడుగుతారు, చెప్పాలి. ఎదురుగా వచ్చిన బస్సెక్కి, ఎప్పుడూ దిగని చోట దిగింది. కొంతదూరం ఊరికే నడిచింది. నాలుగు రోడ్ల కూడలి దాటుతుండగా మొదలైంది. చుట్టూ చూసింది. ఒక్క షాపు కూడా ఎరిగింది కాదు. చేతిలో పాప చెయ్యి లేదు.

కూడలి మలుపులో ఫర్నిచర్ షాపుంది. అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. చల్లగా, ఖాళీగా ఉంది. ఎవరూ కూర్చోని సోఫాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఈమె వయసుకు కొంచెం తక్కువగా ఉన్న ఒకావిడ మెడలో టేపు వేసుకుని వచ్చి, ఏం చూపించమంటారండీ అని అడిగింది.

పిన్నికి అలవాటైన మాట నోటిదాకా వచ్చి ఆగింది.

"ముందు నాకు బాత్రూమ్‌కి వెళ్ళాలండీ" అంది. "నాకు కొంచెం ఆగదు."

"అలా చివరికెళ్ళి ఎడమచేతి పక్క. గడియ కొంచెం బిగుసుకుంటుంది, పైకెత్తి వేయండి" అంది ఆవిడ. అని, మంచంమీది ధర చీటీ సరిచేయడానికి వెళ్ళిపోయింది.

అంతే. వెనక్కి తిరిగి చూడను కూడా లేదు.

పిన్ని గడియ పైకెత్తి వేసింది. సమయానికే కూర్చుంది. తలుపు దగ్గర ఎవరూ కూనిరాగం తీయడం లేదు. నీళ్ళ గొట్టంలో ఎక్కడో సన్నగా ఈల వేస్తోంది. చేతులు కడుక్కుని, తడిచేత్తో జుట్టు సర్దుకుని బయటికొచ్చింది. తలుపు తోసుకుని వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఆపరు. ఇంటికి వెళ్ళాలంటే కాళ్ళు కదల్లేదు.

"చూస్తారా మరి?" అంది షాపావిడ. "ఇంటికేనా? ఇంట్లో ఎంతమంది ఉంటారు? ముగ్గురు కూర్చునేది చూపించమంటారా?"

"ఒక్కరికి" అంది పిన్ని.

ఆవిడ ఆ మూలనున్న ఒంటిసోఫా చూపించింది. పాలమీగడ రంగు గుడ్డ. పిన్ని ఆ గుడ్డను వేళ్ళతో తాకింది. ఏ ఇంట్లోనైనా ఆమె చెక్కకుర్చీయే వెతుక్కుంటుంది, సోఫాలో కూర్చోమంటే అంచుమీద ఆనీ ఆనకుండా కూర్చుంటుంది. ఎన్నాళ్ళనుంచో అంతే.

కూర్చుని చూడండి, చూడందే తెలీదు అంది ఆవిడ.

పిన్ని సంచి కింద పెట్టి కూర్చుంది. కొంచెం వెనక్కి జరిగింది. ఇంకొంచెం జరిగింది. వీపు ఆనేదాకా వెళ్ళి, తల వాల్చి, చేతులు రెండువైపులా పెట్టుకుంది. అద్దాల అవతల కూడలిలో ఎవరి దారిన వాళ్ళు పోతున్నారు. చాలాసేపు లేవలేదు.